సగానికి తెగిన బాకీ, సొంతింటి లోను

మొదటిసారి ఇంటి లోనుకు వెళ్లి ‘మీ సిబిల్ బాగాలేదండీ’ అనిపించుకుని వచ్చేవాళ్లలో చాలామంది స్కోరు ఎంతో కనుక్కుంటారు గాని, దాని కింద ఏం రాసుందో చూడరు. 300కీ 900కీ మధ్య ఉండే ఆ అంకె ఉత్త సారాంశం. ఇరవై ఏళ్లకు అప్పివ్వబోయే బ్యాంకు అంకె దగ్గరే ఆగిపోదు, క్రెడిట్ రిపోర్టంతా చదువుతుంది. అందులో తీసుకున్న ప్రతి లోనుకూ, ప్రతి క్రెడిట్ కార్డుకూ ఒక్కో పట్టిక ఉంటుంది. పట్టికలో 36 నెలల గడులు. వాయిదా వేళకు కట్టిన నెలలో 000, ముప్పై రోజులు ఆలస్యమైతే 030, మూడు నెలలైతే 090. వీటితోపాటు ఖాతా చివరికి ఏమైందో చెప్పే మాట ఒకటి: క్లోజ్డ్, సెటిల్డ్, రిటెన్ ఆఫ్. పాత ఎగవేత ఉన్నవారికి ఇంటి లోను వస్తుందా రాదా అన్నది స్కోరు కంటే ఎక్కువగా ఈ మాటే తేలుస్తుందని నా వాదన. వీటిలో ‘సెటిల్డ్’ అనేది చవగ్గా దొరికినట్టు కనిపించి, ఇల్లు కొనబోయే వేళకు ఖరీదుగా తేలుతుంది.

కార్డు బాకీ వడ్డీతో కలిసి లక్షకు చేరిందనుకుందాం. నెలల తరబడి ఫోన్లు చేసిన రికవరీ ఏజెంటు ఒకరోజు మెత్తబడి, ‘నలభై వేలు కట్టేయండి, ఇక మిమ్మల్ని ఎవరూ అడగరు’ అంటాడు. నిజంగానే ఎవరూ అడగరు. అరవై వేలు మిగిలినట్టే ఉంటుంది. కానీ రిపోర్టులో ఆ ఖాతా పక్కన ‘సెటిల్డ్’ అని పడుతుంది. పూర్తిగా కట్టలేదు, మిగిలిన నష్టం మేమే భరించాం అని ఆ బ్యాంకు తక్కిన బ్యాంకులన్నిటికీ చెబుతున్నట్టు లెక్క. ఇలా రాజీపడిన ఖాతాదారుకు వ్యవసాయేతర రుణాల విషయంలో కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో నిబంధన పెట్టింది. అది రాజీపడిన సంస్థకే వర్తిస్తుంది, నిజమే. కానీ తక్కినవాళ్లు చదివేదీ అదే రిపోర్టు. బ్యాంకులు కాదన్నాక మిగిలే దారి ఎక్కువ వడ్డీ తీసుకునే ఫైనాన్స్ కంపెనీ. 30 లక్షలు, 20 ఏళ్లు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అయితే ఈఎంఐ సుమారు 26,035 రూపాయలు. పదకొండు శాతమైతే 30,966. తేడా నెలకు 4,900 పైనే, గడువంతా కలిపితే దాదాపు 11.8 లక్షలు. మారే వడ్డీ లోనుకు ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు కాబట్టి తర్వాత వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకోవచ్చు. మూడేళ్లకే మార్చుకోగలిగినా అప్పటికి లక్షా డెబ్బై ఏడు వేలు అదనంగా కట్టి ఉంటారు. మిగుల్చుకున్నది అరవై వేలు.

ఇల్లే తాకట్టులో ఉంటుంది కదా, బ్యాంకుకు భయమేమిటని కొందరి ప్రశ్న. బ్యాంకుకు కావలసింది నెలనెలా వాయిదా, ఇల్లు కాదు. 90 రోజులు వాయిదాలు ఆగితే ఖాతా మొండి బకాయి అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం 60 రోజుల నోటీసు ఇవ్వాలి, తర్వాత స్వాధీనం, వేలం, మధ్యలో ట్రిబ్యునల్. పైగా 30 లక్షల లోపు లోనులో ఇంటి విలువకు 90 శాతం దాకా అప్పివ్వొచ్చు. ధర కాస్త తగ్గినా బ్యాంకు చేతిలో మిగిలేది తక్కువ. ఇంకొందరు ‘రైటాఫ్ చేశారుగా, బాకీ పోయినట్టే’ అనుకుంటారు. వేల కోట్ల రైటాఫ్‌ల వార్తలు చదివీ చదివీ ఈ అపోహ స్థిరపడింది. అది బ్యాంకు తన పద్దుల్లో చేసుకునే సర్దుబాటు, బాకీ బాకీగానే ఉంటుంది. భార్య పేరున తీసుకుందామన్నా, ఆమె జీతం ఒక్కటే సరిపోతేనే ఆ ఉపాయం పనిచేస్తుంది. భర్త ఆదాయాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంటే అతను కో-అప్లికెంటు, అతని రిపోర్టూ బల్ల మీదికి వస్తుంది.

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఉద్యోగం పోయి, ఆస్పత్రి ఖర్చులతో చితికినవాళ్లను ‘మొత్తం కట్టండి’ అనడం న్యాయమేనా? కాదు. అలాంటి స్థితిలో, ఎప్పటికీ తేలని బాకీ కంటే సెటిల్‌మెంటే మేలు. అయితే అక్కడితో వదిలేయకూడదు. చేయి ఆడాక, మాఫీ అయిన మిగతా సొమ్మూ కట్టేస్తానని చెప్పి, నో డ్యూస్ సర్టిఫికెట్ ఇచ్చి ఖాతాను క్లోజ్డ్‌గా మార్చమని అదే బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. సొమ్ము కట్టకముందే ఆ హామీ కాగితం మీద తీసుకోవాలి. వాడని కార్డుకు పడిన ఏడాది రుసుము పెరిగి పెరిగి ఎగవేతగా నమోదై, లక్షల లోనుకు అడ్డుపడటం మాత్రం నా దృష్టిలో వ్యవస్థ మొరటుతనమే. తప్పుగా నమోదైనదాన్ని ఎదిరించడానికి ఇప్పుడు కొంత బలం ఉంది. సిబిల్ సహా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదును 30 రోజుల్లో తేల్చకపోతే, 2024 ఏప్రిల్ నుంచి, రోజుకు 100 రూపాయల పరిహారం. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పక్షానికోసారి వివరాలు పంపాలి కాబట్టి తీర్చిన బాకీ మునుపటికంటే త్వరగా కనిపిస్తుంది. ఇవన్నీ తప్పుల్ని సరిదిద్దుతాయి, నిజాన్ని చెరపవు. ఫీజు తీసుకుని ‘సిబిల్ క్లీన్ చేస్తాం’ అనేవాళ్లు నిజమైన ఎగవేతను తుడిచేయలేరు. మొదటిసారి అప్పు కోరేవారికి కనీస సిబిల్ స్కోరు ఉండాలన్న నియమమేదీ లేదని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ లోక్‌సభకు చెప్పిన మాట కూడా వాట్సాప్‌లో అడ్డదిడ్డంగా తిరిగింది. అది అసలు రుణ చరిత్రే లేనివాళ్ల గురించి. మొదటి ఇల్లే అయినా, కార్డు బాకీ ఎగ్గొట్టినవారికి చరిత్ర ఉన్నట్టే.

బాకీ పూర్తిగా తీరాక మిగిలేది ఓపిక. నెలనెలా కొత్త 000 చేరుతుంటే పాత 090లు ఆ 36 గడుల్లోంచి వెనక్కి జరిగిపోతాయి. ఈలోగా నాలుగైదు బ్యాంకుల్లో ఒకేసారి దరఖాస్తు పెడితే ప్రతి విచారణా రిపోర్టులోకి ఎక్కి, అప్పు కోసం తిరుగుతున్న మనిషిగా చూపిస్తుంది. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మాత్రం వరస తప్పడం వల్ల. ఫ్లాటు నచ్చగానే బయానా ఇచ్చి, అగ్రిమెంటు రాసుకుని, ఆ తర్వాత బ్యాంకు గడప తొక్కుతారు. అక్కడ పాత కార్డు సంగతి బయటపడితే లోనుతోపాటు బయానా కూడా పోయే ప్రమాదం ఉంది. రిపోర్టు తెప్పించుకోవడం, బ్యాంకుతో మాట్లాడటం బయానాకు ముందే జరగాలి. లోను మంజూరు కాకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలన్న షరతు అగ్రిమెంటులో రాయించాలి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే, బ్యాంకు మంజూరు పత్రం చేతికి వచ్చేదాకా, పోయినా తట్టుకోగలిగినంత చిన్న మొత్తమే బయానాగా ఇవ్వాలి.