మధ్యలో ఒక ఎర్ర ముక్క

అమెరికా అతుకుల బొంతల్లో 'లాగ్ క్యాబిన్'ది పెద్దపేరు. 1860ల నుంచి అక్కడ బాగా ప్రచారంలోకి వచ్చిన నమూనా. నడుమ చిన్న చదరం, దాని చుట్టూ ఒకదాని తర్వాత ఒకటిగా పట్టీలు, దుంగలు పేర్చి ఇల్లు కట్టినట్టు. ఆ చదరం ఎర్రగా ఉంటే ఇంట్లో నిప్పుగూడు అని చెప్పుకుంటారు.

కానీ అందం ఎరుపులో లేదు, లేత ముదురుల పొందికలో ఉంది. పక్కపక్కనున్న రెండు వైపులకు లేత పట్టీలు, మిగతా రెండింటికీ ముదురువి వేస్తే, చదరం ఐమూలగా చీలినట్టు కనిపిస్తుంది. అవే చదరాల్ని ఒకలా తిప్పి పేరిస్తే దున్నిన చాళ్లు, ఇంకోలా పేరిస్తే వజ్రాలు! ఏ గుడ్డ ఎటువైపో తేలకపోతే ఫోన్‌లో నలుపు-తెలుపు ఫొటో తీయండి, రంగుల మాయ తొలగిపోతుంది.

కొలతలు తేలికే, కుట్టే కష్టం. నడిమి ముక్క రెండున్నర అంగుళాలు, పట్టీల వెడల్పు ఒకటిన్నర. కుట్టులోకి అన్ని వైపులా పావు అంగుళం పోతుంది. మూడు చుట్లు తిరిగేసరికి ఎనిమిది అంగుళాల చదరం తయారు. ప్రతి కుట్టూ అంగుళంలో పదహారో వంతు లోపలికి జరిగిందా, చివరికి ముప్పావు అంగుళం తరుగు. అందుకే పట్టీ వేసిన ప్రతిసారీ ఇస్త్రీ చేసి, కొలిచి, తర్వాతిది వేయాలి.

మరి దీన్ని ఈ కాలపు బొంతగా మార్చడమెలా? బూడిదరంగు గుడ్డ కొనేస్తే ఆధునికం అయిపోదు. అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే నల్లజాతీయుల పల్లె ఆడవాళ్లు ఎప్పుడో దారి చూపారు. వాళ్ల 'హౌస్‌టాప్' బొంతల్లో కొన్ని మొత్తం కలిపి ఒకే ఒక్క చదరం. అరిగిన పనిబట్టలే పట్టీలు, వాటి వెడల్పులూ ఒకేలా ఉండవు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆపై న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో వాటిని గోడలకు వేలాడదీశారు. 2006లో అవి తపాలా బిళ్లలకూ ఎక్కాయి.

నన్నడిగితే మొదటి బొంతలో ఒక్క నియమమే సడలించాలి. నడిమి చదరాన్ని ఒక మూలకు జరపండి, లేదా పట్టీల వెడల్పు ఇష్టమొచ్చినట్టు కోయండి. లేత ముదురుల లెక్క మాత్రం వదలకండి.

తర్వాత అడుగు గుడ్డ, నడుమ దూది పొర, పైన ఈ అతుకుల పొర పరిచి మూడింటినీ కలిపి కుట్టాలి. మన బొంతలకు వేసే పరుగు కుట్టే ఇక్కడా సరిపోతుంది. పట్టీలకు పాత నూలుచీరలు బాగుంటాయి. పట్టు అయితే జారిపోతుంది. కొత్త గుడ్డ కలుపుతుంటే ముందే తడిపి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి పక్కనున్న పాత ముక్కను ముడతలు పడేలా లాగేస్తుంది.