పాల వ్యానుకు వేరే బండి సామాను – ఏది వేయవచ్చు, ఏది కూడదు

గిలకలదిండి వైపు సంఘాల లెక్కల తనిఖీకి వెళ్ళినపుడు రిపేరు బిల్లులలో ఒక మాట తరచు చూస్తుంటాము: "మారుతీ 800 సామాను ఓమ్నీకి వేయబడినది." ఇది సబబేనా అని కార్యదర్శులు మమ్మల్ని అడుగుతుంటారు. ఇంజనులో కొంతవరకు సబబే. బ్రేకులో మాత్రం కొలిచి చూడనిదే ఒప్పుకోము. కారణం వివరిస్తాము.

మారుతీ 800 కారు 1983లో, తరువాత ఓమ్నీ అని పేరు పడిన వ్యాను 1984లో వచ్చాయి. రెండూ జపాను సుజుకి కంపెనీ నమూనాలే. కారు తయారీ 2014లో, వ్యాను తయారీ 2019లో ఆగిపోయాయి. అందువల్ల పాత సామాను కోసం విజయవాడ ఆటోనగరుకు పోవడం సహజం.

రెండింటిలోనూ ప్రధానంగా వాడినది ఎఫ్8బి అనే మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజను. కనుక పిస్టన్లు, రింగుల వంటి లోపలి సామాను చాలావరకు కలుస్తుంది. అయితే కారులో ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. వ్యానులో సీట్ల కింద నిలువుగా ఉండి వెనుక చక్రాలను తిప్పుతుంది. గేరుబాక్సు కలవదు. 796 సి.సి. అన్నంత మాత్రాన సరిపోదు కూడా. ఆల్టోలో వచ్చిన ఎఫ్8డి కూడా 796 సి.సి.యే, కాని దానికి వాల్వులు 12, ఎఫ్8బికి 6. హెడ్డు మార్చుకుందామంటే కుదరదు.

ఇక బ్రేకు సంగతి. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని ఆయిలు ఒత్తిడి చక్రాలకు చేరుతుంది. ఒకే ఇరుసుకున్న రెండు చక్రాలకూ ఒకే ఒత్తిడి. కాని బ్రేకు పట్టే బలం వీల్ సిలిండర్ వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 19 మిల్లీమీటర్లది ఉండవలసిన చోట 22 మిల్లీమీటర్లది వేశారనుకుందాం. చూపుకు తేడా మూడు మిల్లీమీటర్లే. వైశాల్యం మాత్రం 361కి 484 చొప్పున, అంటే మూడో వంతు పెరుగుతుంది. ఒక పక్కనే వేస్తే బండి ఆ పక్కకు లాగుతుంది. రెండు పక్కలా వేస్తే వెనుక చక్రాలు ముందుగా బిగిసి జారతాయి. పెడలు కూడా ఎక్కువ దిగుతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘం వ్యానులో మేమే ప్రయాణం చేశాము. కాలువ వంతెన దిగుతూ డ్రైవరు బ్రేకు వేయగానే బండి గట్టు వైపు తిరిగింది. క్యాన్లు పడి పాలన్నీ పోయాయి, మనుషులం బతికాము. విప్పి చూస్తే వెనుక ఒక చక్రానికి వేరే బండి సిలిండర్ ఉంది. "పైకి ఒకటిగానే ఉందండీ" అన్నాడు మెకానిక్కు. పాలు తెల్లగా ఉన్నాయని వెన్న శాతం చూడకుండా పోయించుకుంటామా?

సభ్యులు, కార్యదర్శులు ఈ కింది విషయాలు పాటించగలరు:

1. పాత దాని పార్టు నంబరు, కొలత చూసిన తరువాతే కొత్తది కొనాలి.

2. వీల్ సిలిండర్లు, బ్రేకు షూలు ఇరుసుకు రెండు పక్కలా జతగా మార్చాలి.

3. బ్రేకు ఆయిలు బదులు ఇంజను ఆయిలు పోయరాదు. రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక డబ్బా మూత తీసి ఉంచరాదు.

4. సముద్రపు ఉప్పుగాలికి బ్రేకు గొట్టాలు తుప్పు పడతాయి. వాటిని తరచు చూపించాలి.

5. బ్రేకు పని చేయించిన తరువాత ముందు ఖాళీ బండిని మెల్లగా నడిపి చూసి, ఆ పిమ్మటే క్యాన్లు ఎక్కించాలి.

ఏ బండి సామాను వేశారో బిల్లుపైనా, స్టాకు రిజిస్టరులోనూ రాయించండి. తనిఖీలో మేము మొదట అడిగేది అదే.