ఉద్యోగి మనసుకు రక్ష పని అమరికలోనే

కుంగుబాటు, ఆందోళన రుగ్మతల కారణంగా ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు నష్టపోతున్నాయనీ, తగ్గిన ఉత్పాదకత రూపంలో ఆ నష్టం విలువ దాదాపు లక్ష కోట్ల డాలర్లనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో ప్రకటించాయి. ఇంత పెద్ద నష్టానికి అనేక సంస్థలు చూపే విరుగుడు అప్పుడప్పుడూ ఒక యోగా శిబిరం, ఒక ప్రసంగం, నోటీసు బోర్డు మీద ఒక హెల్ప్‌లైన్ నంబరు. ఇవి నిరుపయోగమైనవి కావు. కానీ ఒత్తిడిని ఓర్చుకోవడం నేర్పే ఈ ఏర్పాట్లు ఒత్తిడి పుట్టే మూలాన్ని తాకవు. ఆ మూలం చాలావరకు పనిని అమర్చిన తీరులో ఉంటుంది కాబట్టి, రక్షణ కూడా అక్కడే మొదలుకావాలి.

ఈ అవగాహనకు బలమైన శాస్త్రీయ పునాది ఉంది. పనిభారం ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని కుంగదీయదనీ, భారం ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా, ఏ క్రమంలో చేయాలో నిర్ణయించుకునే అధికారం తక్కువగా ఉన్నప్పుడే ఒత్తిడి తీవ్రమవుతుందనీ అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించారు. ఆ తరువాతి పరిశోధకులు దీనికి మూడో అంశంగా పై అధికారుల, సహోద్యోగుల తోడ్పాటును చేర్చారు. లండన్‌లోని ప్రభుత్వోద్యోగులపై 1985లో ప్రారంభమై, మైకేల్ మార్మట్ నేతృత్వంలో ఏళ్ల తరబడి సాగిన రెండో వైట్‌హాల్ అధ్యయనం, పని మీద తమకు అదుపు తక్కువని భావించిన ఉద్యోగుల్లో గుండె జబ్బుల ముప్పు అధికమని తేల్చింది. పని అమరికలోని లోపం మనసుతో ఆగక శరీరాన్నీ తాకుతుందనడానికి ఇది గట్టి ఆధారం.

ఎడతెగని పని ఒత్తిడి నిర్వహణ లేకుండా కొనసాగినప్పుడు ఏర్పడే స్థితిని బర్నవుట్ అంటారు. తీరని అలసట, ఉద్యోగం పట్ల విముఖత లేదా నిరాశాభావం, పనిలో సమర్థత తగ్గిందన్న భావన దీని మూడు లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో దీన్ని వ్యాధిగా కాక, వృత్తికి సంబంధించిన పరిణామంగా నమోదు చేసింది. అంటే బర్నవుట్‌కు లోనైన ఉద్యోగిని బలహీనుడని ముద్ర వేయడానికి ముందు, ఆయన చేస్తున్న పనిని పరిశీలించవలసి ఉంటుంది.

పనివేళల విషయంలో ఆ పరిశీలన మరింత అవసరం. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారిలో బ్రెయిన్ స్ట్రోక్ ముప్పు సుమారు 35 శాతం, గుండె రక్తనాళాల వ్యాధితో మరణించే ముప్పు సుమారు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థలే 2021లో అంచనా వేశాయి. అమెరికా ఖాతాదారుల కోసం పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు అక్కడి పగలు ఇక్కడి రాత్రి కావడం వల్ల, సాయంత్రం తరువాతి సమావేశాలు నిద్రనూ కుటుంబ సమయాన్నీ హరిస్తాయి. రాత్రి పని తప్పనిసరైనచోట బాధ్యతను వంతులవారీగా పంచడం, షిఫ్టుల పట్టికను ముందుగానే ప్రకటించడం, రాత్రి మేల్కొన్న ఉద్యోగిని మరుసటి ఉదయం సమావేశానికి పిలవకపోవడం సంస్థ చేతిలోని పనులే. ఫ్రాన్స్ 2017 నుంచి అమలు చేస్తున్న చట్టం, పనివేళల అనంతరం ఫోన్, ఈమెయిల్‌లకు దూరంగా ఉండే హక్కుపై పెద్ద సంస్థలు ఉద్యోగులతో చర్చించాలని నిర్దేశిస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు ఇలాంటి సంస్థాగత మార్పులతో పాటు మేనేజర్ల శిక్షణకూ పెద్దపీట వేశాయి. మేనేజర్ వైద్యుడు కానవసరం లేదు. ఉద్యోగి ప్రవర్తనలో మార్పును గుర్తించి, తీర్పు చెప్పకుండా విని, పనిభారాన్ని సర్ది, నిపుణుల వద్దకు దారి చూపగలిగితే చాలు. చికిత్స తరువాత తిరిగి చేరినవారికి కొన్నాళ్లపాటు పరిమిత గంటలు, తేలికైన లక్ష్యాలు కేటాయించడం వారు ఉద్యోగంలో నిలదొక్కుకోవడానికి తోడ్పడుతుంది.

భారతదేశంలో చట్టం కూడా ఉద్యోగి పక్షాన కొంత అండగా నిలుస్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధుల చికిత్సకూ బీమా సంస్థలు వైద్య బీమా వర్తింపజేయాలి. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మానసిక వ్యాధిని వైకల్యాల జాబితాలో చేర్చి, ఉద్యోగకాలంలో వైకల్యం ఏర్పడిందన్న కారణంతో ప్రభుత్వ సంస్థలు ఉద్యోగిని తొలగించరాదని నిర్దేశించింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవ ద్వారా 14416 నంబరుకు ఎవరైనా ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

అయినా, మానసిక సమస్య గురించి చెబితే పదోన్నతి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఈ హక్కులు కాగితం దాటి రావు. ఆ భయాన్ని పోగొట్టవలసింది యాజమాన్యమే. ఏ విభాగంలో సెలవులు, రాజీనామాలు పెరుగుతున్నాయో గమనించి, అక్కడి లక్ష్యాలను, పనివేళలను, అధికారుల తీరును ఉద్యోగుల భాగస్వామ్యంతో సవరించే సంస్థే వారి మానసిక ఆరోగ్యం పట్ల శ్రద్ధ ఉందని చెప్పుకోగలదు. ఆ పని చేయకుండా ధైర్యంగా ఉండమని ఉద్యోగికి బోధించడం బాధ్యతను బాధితుడి మీదికే నెట్టడం అవుతుంది.