వర్ణక్రమము – బోధనక్రమము: ప్రాథమిక పాఠశాలలో తెలుగు పఠనలేఖనములు

ప్రాథమిక పాఠశాలలో తెలుగు నేర్చు బాలుడు అకారాది క్షకారాంతము తడబడక వల్లించును. క-గుణింతమును ఒక్క ఊపిరిలో చెప్పును. కాని ఎన్నడును చూడని పుటలో ‘కాలువ’ అను పదమును చూపినచో ‘కకు దీర్ఘమిస్తే కా, లకు కొమ్మిస్తే లు, వ’ అని విడివిడిగా పలికి, అది ఏ పదమో చెప్పలేక నిలిచిపోవును. అక్షరములు వచ్చినవి గాని చదువు రాలేదు. ఈ లోపమును బాలుని బుద్ధిమాంద్యమునకు అంటగట్టుట అన్యాయము. బోధనక్రమమునే ముందు పరీక్షింపవలసి యున్నది.

వర్ణమాల అత్యంత శాస్త్రీయమైన కూర్పు. కంఠ్యములతో మొదలై ఓష్ఠ్యములతో ముగియు వర్గవిభజనము ఉచ్చారణస్థానముల సూక్ష్మపరిశీలనకు ఫలము. ఫలమును ఆరంభముగా గ్రహించుటయే చిక్కు. మాట్లాడుట వచ్చిన ఐదేండ్ల పిల్లవానికి ధ్వనులు కొత్త కావు, వాని ఆకృతులు కొత్త. వర్గక్రమమున బోధించినచో మాటలలో మిక్కిలి అరుదుగా కనబడు ఙ, ఞలు నిత్యమును వినబడు న, మ, లలకంటె ముందే పలకపైకి వచ్చును. క్రమమును మార్చుట సంప్రదాయవిరుద్ధమని శంకింప బనిలేదు. పాణినీయమునకు ఆధారమైన 14 మాహేశ్వరసూత్రములలో వర్గక్రమము పాటింపబడలేదు; ప్రత్యాహారసౌకర్యమునకై హకారము రెండుమారులు పఠింపబడినది. ప్రయోజనమును బట్టి క్రమము మారుట వైయాకరణులకు సమ్మతమే.

వీధిబడి పద్ధతి కేవలము వల్లెవేతయే యను అభిప్రాయమును కూడ సవరించుకొనవలసి యున్నది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరములు కోరగా, తెలుగు వ్యాకరణకర్తయు బళ్ళారి కలెక్టరును అయిన ఏ.డి. కాంప్‌బెల్ 1823లో తన జిల్లానుగూర్చి నివేదిక పంపెను. అందు 533 పాఠశాలలు పేర్కొనబడినవి. వానిలో 226 తెలుగువి, 235 కన్నడమువి. అచ్చటి బాలురు అక్షరములను ముందుగా వల్లింపక, ఇసుకలో వ్రేలితో వ్రాయుచు నేర్చిరి. చేయి కుదిరిన పిమ్మట బలపముతో పలకపైనను కడితముపైనను వ్రాసిరి. గుణింతములు, సంయుక్తాక్షరములు ముగిసిన పిదప మనుష్యుల పేరులు, గ్రామనామములు, జంతువుల పేరులు వ్రాయించెడివారు. అనగా పిల్లవాడు ఎరిగిన మాటయే అతని తొలి పాఠము. కాంప్‌బెల్ దోషమునుకూడ దాచలేదు: బాలురు కంఠస్థము చేయు పద్యముల భాష వ్యవహారభాషకు దూరమగుటచే అర్థము తెలియక చిలుకవలె అప్పగించుచుండిరని అతడు ఆక్షేపించెను. తరువాతి కాలమున వీధిబడినుండి ఇసుకయు ఊరిపేరులును పోయి, అప్పగింత మాత్రము మిగిలినది.

తెలుగు లిపి స్వభావమే క్రమమును సూచించుచున్నది. ఇందు చదువుటకు ఘటకము అక్షరము. అది అచ్చుతో కూడిన హల్లు. కావున ఐదారు హల్లులు రాగానే గుణింతచిహ్నములను ప్రవేశపెట్టవచ్చును. ప, ల, క, త, వలు మాత్రమే వచ్చిన బాలుడు పలక, తల, వల చదువగలడు. దీర్ఘము, గుడి, కొమ్ము చేరినంతనే తాత, పాప, కాకి, పులి, పాలు, తలుపు, కాలువ అతనివగును. 56 అక్షరములు ముగియువరకు పదమునకై వేచియుండుట కాలహరణము.

అచ్చుచిహ్నములు అన్ని హల్లులకును ఒకే తీరున చేరవు. పు, వులలో కొమ్ము అడుగున తగులుకొనును. మొ, యొల ఒత్వము కొ, తొల ఒత్వమువంటిది కాదు. ‘మ’, ‘వు’ల భేదము పెద్దలకు స్పష్టమే గాని, పిల్లలకు నెలల తరబడి కలత పెట్టును. ఒత్తులలో డ, ద వంటివి తలకట్టు తీసిన హల్లులే. త, న, మ, య, ర, లల ఒత్తులు మాతృకను పోలవు. ఈ ఆరింటిని ‘అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల’ అను ఇంటిమాటలతో నేర్పినచో చాలును. పట్టికగా అప్పగింపజేయుటవలన చేకూరు లాభము స్వల్పము. ఖ, ఘ, ఛ, ఝాదుల మహాప్రాణములు ప్రధానముగా తత్సమములందు వచ్చునవి గనుక ఆలస్యముగా రావచ్చును.

వర్గజ్ఞానము లేనిచో జశ్త్వాది సంధులు ముందుముందు ఎట్లు బోధపడును అను ఆక్షేపము సహేతుకమే. వర్ణమాలను పాటగా నోటికి నేర్పుటను ఎవరును కాదనరు. నోటిక్రమము నోటిదిగను, పలకక్రమము పలకదిగను ఉండుట చాలును. వర్గవిభజనమును ఉచ్చారణస్థానములతో ముడిపెట్టి వివరించుటకు ఉన్నత తరగతులు తగినవి.

లేఖనమున చూచివ్రాతకు ఉన్న ప్రాముఖ్యము మితిమీరినది. దస్తూరి కుదురుటకు అది అవసరమే; కాని నల్లబల్లపై వాక్యమును పదిమారులు దించినవాడు దానిని చదివెనని చెప్పజాలము. ఉక్తలేఖనము చెవిని, చేతిని కలుపును. అంతకంటె ముఖ్యమైనది బాలుడు తనమాటను తాను వ్రాయుట. ఇచటనే గిడుగు రామమూర్తి (1863–1940) పాఠ్యగ్రంథభాషనుగూర్చి లేవదీసిన ప్రశ్న నేటికిని తగులుచున్నది. ఇంట ‘వొచ్చిండు’ అనియో ‘వచ్చినాడు’ అనియో పలుకు పిల్లవాడు అట్లే వ్రాసినపుడు, అతడు విన్న ధ్వనికి సరియైన అక్షరములను కూర్చెనా యని మొదట చూడవలెను. కూర్చెనేని లేఖనము అలవడినట్లే. ప్రమాణరూపమును దాని ప్రక్కన వ్రాసి చూపవచ్చును గాని, దానిని ఎర్రసిరాతో కొట్టివేయరాదు. ధ్వనికి తగని అక్షరము పడినచోట, అనగా ‘పులి’కి ‘పిలు’ అని వ్రాసినచోట, ఆ పదమును బాలునిచేతనే పలికించి, వినబడినదానిని మరల వ్రాయింపవలెను.