బిళ్ళగన్నేరు – తెల్ల రక్తకణములు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలోని పెరళ్ళయందు బిళ్ళగన్నేరు విరివిగా కనిపించును. ఎండకు ఓర్చి ఏడాది పొడుగున పూయు ఈ మొక్క పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము. దీని ఆకు మధుమేహమునకు మంచిదని పలువురు చెప్పుకొందురు. ఈ నమ్మకము ఒక గొప్ప ఔషధమునకు దారితీసిన విధమును, అందు మనము తెలిసికొనవలసిన జాగ్రత్తను ఇచ్చట వివరింతుము.

1952లో జమైకానుండి ఈ మొక్క ఆకులు కొన్ని కెనడాలోని ఒక వైద్యునికి చేరినవి. అచ్చటను మధుమేహమునకై వీని కషాయమును త్రాగుచుండిరి. రాబర్ట్ నోబుల్ అను శాస్త్రజ్ఞుడు ఆ సారమును ఎలుకలకు నోటిద్వారా ఇచ్చి చూడగా రక్తములోని చక్కెర తగ్గలేదు. సూదిద్వారా ఎక్కింపగా ఎలుకలు అంటురోగములకు లోనై మరణించినవి. వాని తెల్ల రక్తకణములు క్షీణించినట్లు పరీక్షలో తేలినది. రోగములనుండి శరీరమును కాచునవి ఈ కణములే. ఇవి అదుపు తప్పి పెరుగుటయే రక్త క్యాన్సరు. కావున వీనిని తగ్గించు పదార్థము ఆ వ్యాధికి మందు కావచ్చునని నోబుల్, ఆయన సహచరుడు చార్లెస్ బీర్ తలచి, 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసిరి. అమెరికాలోని ఇలై లిల్లీ సంస్థవారు అదే మొక్కనుండి విన్‌క్రిస్టిన్‌ను రాబట్టిరి.

కణము రెండుగా చీలునపుడు లోపల సన్నని దారములు ఏర్పడి జన్యుపదార్థమును సమముగా పంచును. ఈ మందులు ఆ దారములను ఏర్పడనీయవు. విభజన నడుమనే ఆగి కణము నశించును. క్యాన్సరు కణములు ఎడతెగక విభజన చెందును గనుక వానికి దెబ్బ అధికము. అయితే ఎముకల మూలుగలో తెల్లకణములను పుట్టించు కణములును వేగముగా చీలునవే. మందునకు ఈ భేదము తెలియదు. అందుచేత వైద్యులు మోతాదును లెక్కగట్టి, మాటిమాటికి రక్తపరీక్ష చేయింతురు. విన్‌క్రిస్టిన్ మూలుగకు చేయు హాని తక్కువైనను నరములను బాధించును.

పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో నేటికిని విన్‌క్రిస్టిన్ ముఖ్యమైనది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందము రూపొందించిన మెథోట్రెక్సేట్‌ను కూడ అదే చికిత్సలో వాడుదురు.

కొంచెము విన్‌క్రిస్టిన్‌కు కూడ ఎండుటాకు చాల ఎక్కువ మొత్తములో కావలయును. కావున గుప్పెడు ఆకులు నమలినచో క్యాన్సరు నయమగునని భ్రమపడరాదు. ఆకులో ఇతర క్షారపదార్థములు పెక్కు గలవు. వాని పాళ్ళు మనకు తెలియవు. మధుమేహమునకు మందు తీసికొనువారును, క్యాన్సరు చికిత్సలో నున్నవారును వైద్యునికి చెప్పక ఈ కషాయమును త్రాగరాదు. తగ్గని గడ్డగాని, విడువని జ్వరముగాని కనిపించినచో, పెరటి వైద్యముతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి పోవలయును.