వేములవాడ పూర్వనివాసులు

కామారెడ్డి జిల్లాలోని నస్రుల్లాబాదు ప్రాంతమునకు ఉత్తరమునఁ గల బోధనుపట్టణమే పూర్వము పోదన మనఁబరఁగిన నగరము. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని యిదియే. పిదప వారు తమ పీఠమును వేములవాడకుఁ దరలించిరి. శాసనములందు లేంబులపాటక మనఁబడిన యీ చిన్నయూరు నేఁడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో రాజరాజేశ్వరక్షేత్రముగాఁ బ్రసిద్ధము.

వేములవాడ యనఁగనే తెలుఁగువారికి భీమకవి స్ఫురించును. కాని యాతని కాలమును గూర్చి విద్వాంసుల కేకాభిప్రాయము లేదు. ఆతని వేములవాడ దాక్షారామ ప్రాంతమందలి దనువారును గలరు. కాలము నిశ్చితముగాఁ దెలిసినవారిలో మొదటివాఁడు కన్నడ మహాకవి పంపుఁడు. ఆతని పూర్వులు తెలుఁగునాఁటి వంగిపఱ్ఱువారు. పంపుఁడు 941లో ఆదిపురాణమును ముగించెను. విక్రమార్జునవిజయమునఁ దన ప్రభువగు రెండవ యరికేసరిని అర్జునునియం దారోపించి భారతకథ చెప్పెను. రెండవవాఁడు సోమదేవసూరి. ఆతఁడు 959లో సంస్కృతమున యశస్తిలకమును ముగించెను. వేములవాడలోని శుభధామ జినాలయమునకై మూఁడవ యరికేసరి యాతనికి గ్రామ మొసఁగినట్లు 966 నాఁటి పర్భణీ తామ్రశాసనము తెలుపుచున్నది.

తెలుఁగువారికి వీరికంటె ముఖ్యుఁడు పంపుని తమ్ముఁడగు జినవల్లభుఁడు. కరీంనగరు జిల్లా కుర్క్యాలకడ బొమ్మలగుట్టపై నాతఁడు చక్రేశ్వరిని, జినబింబములను జెక్కించి, సంస్కృత కన్నడాంధ్రములందు శాసనము వ్రాయించెను. దాని కాలము 945 ప్రాంతము. అందుఁ దెలుఁగు కందములు మూఁడు గలవు.

కందము ప్రాకృతమందలి స్కంధకమునుండి పుట్టినది. గణమునకు మాత్రలు నాలుగు. పాదములందు వరుసగా గణములు మూఁడు, నైదు. ప్రతి యర్ధమునను ఆఱవ గణము జగణముగాని నలముగాని కావలెను. ఈ కట్టు కన్నడ తెలుఁగులకు సమానమే. కావున కన్నడకవితకుఁ బట్టుగొమ్మయైన యాస్థానపు నీడనే తెలుఁగు కందమును వెలయుట వింత గాదు. శాసనము పదుగురి యెఱుకకై చెక్కఁబడునది. అన్న కన్నడమునఁ గావ్యములు వ్రాయుచుండఁగాఁ దమ్ముఁడు గుట్టపైఁ దెలుఁగునకుఁ జోటిచ్చె నన్నచో, ఆ పద్యమును విని గ్రహింపఁగలవా రచ్చట నుండిరని యూహింపఁదగును.

నన్నయ పదునొకండవ శతాబ్దివాఁడు. అంతకుఁ బూర్వమే, తొమ్మిదవ శతాబ్దిలో, పండరంగని యద్దంకి శాసనమునఁ దరువోజ గలదు. పదియవ శతాబ్దిలో నీ కందములు గలవు. నన్నయ యాదికవి యని బోధించునపుడు, మనకు దక్కిన కావ్యములలో నాతనిదే మొదటిదని గ్రహింపవలయునే గాని తెలుఁగుపద్య మాతనితోఁ బుట్టినదని కాదు. అందులకు సాక్ష్యము గ్రంథముల కంటె ముందు కుర్క్యాలగుట్టపై రాతిమీఁద నిలిచియున్నది.