ఎముకలు చదివే కొలువు

ఆడా? మగా? ఈ పన్ను ఏది? చిన్నగా కనిపించే ఈ రెండు ప్రశ్నల మీదే ఫోరెన్సిక్ మానవశాస్త్రం నిలబడి ఉంది. నోటిఫికేషన్ల కోసం చూస్తున్నవారిలో ఎక్కువమంది పట్టించుకోని దారి ఇది.

పోలీసులు ఒక సంచిలో కొన్ని ఎముకలు తెచ్చి మీ బల్ల మీద పెట్టారనుకోండి. ‘ఇవి ఎవరివి?’ అని అడుగుతారు. మీరిచ్చే మొదటి జవాబు మాత్రం పేరు కాదు. మనిషివా, జంతువువా? ఒకరివా, ఇద్దరివా? ఆడా, మగా? వయసెంత ఉండొచ్చు? ఈ మెట్లన్నీ ఎక్కాకే పేరు దాకా వెళ్ళగలరు.

వీటిలో ‘ఆడా, మగా’ అన్న మెట్టు దగ్గర కాస్త ఆగండి. మీరు ఒక్క మాట చెప్పగానే స్టేషన్‌లో ఉన్న తప్పిపోయినవారి జాబితా సగమవుతుంది. మాట సరైనదైతే పని సగం తగ్గినట్టే. తప్పయితే మాత్రం పోలీసులు వెతికేదంతా ఆ మనిషి లేని సగంలోనే. కొడుకు కోసం ఎదురుచూసే తల్లికి ఆ ఎముకల సంగతి ఎప్పటికీ చేరదు. ఈ కొలువులో బరువంతా ఆ ఒక్క మాట మీదే. అందుకే దీన్ని ‘నిర్ధారణ’ అనరు, ‘అంచనా’ అంటారు. ఎంత నమ్మకంతో చెబుతున్నారో కూడా రిపోర్టులో రాయాలి. ఇంకో సంగతి, ఎముక చెప్పేది జీవసంబంధమైన లింగం గురించే. ఆ మనిషి తనను తాను ఏమనుకున్నాడో, ఎలా బతికాడో అది చెప్పదు.

ముందు కటి, తర్వాతే పుర్రె

సినిమాల్లో డాక్టర్ పుర్రె ఎత్తి చూసి ‘ఆడమనిషి’ అనేస్తాడు. అసలు నిపుణులు ముందు వెతికేది కటి ఎముకల కోసం. బిడ్డ తల పట్టేలా ఉండాల్సిన నిర్మాణం కాబట్టి ఆడా మగా తేడా అక్కడే స్పష్టంగా ఉంటుంది. దీనికి మీ చెయ్యే ఒక కొలబద్ద. బొటనవేలు, చూపుడువేలు బాగా చాపండి. ముందువైపు రెండు కటి ఎముకలు కలిసేచోట, దాని కింద ఆడవాళ్ళలో కనిపించే కోణం దాదాపు అంత వెడల్పు. ఇప్పుడు చూపుడువేలు, మధ్యవేలు విడదీయండి. మగవాళ్ళలో కోణం ఇంచుమించు ఇంతే.

ఈ ముందుభాగంలోనే మూడు గుర్తులను 1969లో ఫెనిస్ అనే అమెరికన్ పరిశోధకుడు క్రోడీకరించాడు. ఎముక ముందు ముఖం మీద వంపుగా సాగే ఒక గట్టు, కింది అంచులో లోపలికి పోయిన వంపు, లోపలి అంచు సన్నగా పదునుగా ఉండటం. ఈ మూడూ ఉంటే ఆడమనిషి. అనుభవం ఉన్నవాళ్ళ చేతిలో ఈ పద్ధతి 95 శాతానికి పైగా సరిగ్గా చెబుతుందని ఆయన చూపాడు. చిక్కేమిటంటే ఈ భాగం పలుచన, మట్టిలో ముందు విరిగేది అదే. అప్పుడు పక్కన, వెనకవైపు ఉండే పెద్ద గంటును చూస్తారు. బొటనవేలు పెట్టి అటూ ఇటూ కదిపితే చోటు మిగిలితే ఆడ, బిగుతుగా పడితే మగ. ఇది మొరటు పరీక్షే కానీ ఆ గంటు గట్టిది, ఎక్కువ కాలం నిలుస్తుంది.

కటి దొరక్కపోతే పుర్రె. చెవి వెనక కిందికి దిగే ముడి ఎముక, కనుబొమల మధ్య ఉబ్బు, కంటిగూటి పై అంచు, తల వెనక మెడ కండరాలు పట్టే గీత, గడ్డం. ఈ ఐదింటికీ 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. 1 అంటే సున్నితం, 5 అంటే మొరటు. మధ్యలో 3 పడితే? ‘తేలలేదు’ అని రాయాలి. కుర్రాళ్ళ పుర్రెలు ఆడవాళ్ళవిలా నునుపుగా ఉంటాయి, వయసు మళ్ళిన ఆడవాళ్ళ పుర్రెలు కొన్ని మగవాళ్ళవిలా మొరటుతేలతాయి. పుర్రె ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోయేది ఇక్కడే.

కొలతలూ ఉన్నాయి. తొడ ఎముక పైన ఉండే గుండ్రటి తల వ్యాసాన్ని కాలిపర్స్‌తో కొలుస్తారు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మీరు విసుక్కుంటూ పట్టుకున్న వెర్నియర్‌కు అన్నదమ్మే అది. అమెరికా వాళ్ళ కోసం తయారైన పట్టికను మనవాళ్ళ ఎముకలకు పెట్టేస్తే, సన్నగా పొట్టిగా ఉండే మన మగవాళ్ళలో కొందరు కాగితం మీద ఆడవాళ్ళయిపోతారు. ఏ జనాభాకు ఆ జనాభా లెక్కలే వాడాలి. మన దగ్గర పరిశోధనకు చోటున్నది ఇక్కడే, పీహెచ్‌డీ అంశం వెతుక్కునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

పిల్లల ఎముకలైతే? యుక్తవయసు రాకముందు కటిలో తేడా తేలదు. అక్కడ ఆడా మగా చెప్పడం మానేసి వయసు చెప్పడమే మంచి పని. దానికి పళ్ళున్నాయి.

చేతిలో ఒక్క పన్ను

స్కూల్లో కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని బట్టీ పట్టారు కదా. ఇప్పుడు ఆ పన్ను దవడలో లేదు, మీ అరచేతిలో ఉంది. పైదా, కిందిదా? కుడా, ఎడమా? ఎన్నోది? ఈ మూడూ చెప్పాలి.

ముందు ఆకారం. ఉలిలా ఉంటే కుంతకం, ఒకే మొనతో పొడవాటి వేరుంటే రదనిక, అంటే మన కోరపన్ను. చర్వణకమైతే వేర్లు లెక్కపెట్టండి. మామూలుగా పైదానికి మూడు, కిందిదానికి రెండు. కింది మొదటి చర్వణకం మీద ఐదు మొనలుంటాయి. వేరు కొస సాధారణంగా నోటి వెనకవైపుకు వంగుతుంది. పక్క తేల్చడానికి అదొక ఆధారం. పై ముందుపన్నుకు మధ్యగీత వైపు మూల పదునుగా, అవతలి మూల గుండ్రంగా ఉంటుంది. జ్ఞానదంతం మాత్రం ఏ నియమానికీ లొంగదు, దాన్ని చూసి పందెం కాయకండి.

తేల్చాక ప్రపంచంలో చాలా దేశాలు వాడే రెండంకెల పద్ధతిలో రాయాలి. మొదటి అంకె నోటి భాగానిది. ఆ మనిషి కుడి పైన 1, ఎడమ పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. రెండో అంకె మధ్య నుంచి లెక్క. 36 అంటే ఎడమ కింది మొదటి చర్వణకం. పాలపళ్ళకు 5 నుంచి 8 వరకు భాగాలు.

పన్ను వయసు బాగా చెబుతుంది. మొదటి చర్వణకం ఆరేళ్ళ ప్రాంతంలో, రెండోది పన్నెండేళ్ళ ప్రాంతంలో వస్తాయి. ఆడా మగా అంటే మాత్రం పన్ను తడబడుతుంది. కోరపళ్ళు సగటున మగవాళ్ళలో పెద్దవే కానీ తేడా మిల్లీమీటరులోపే. కొలతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేస్తాయి. అందుకే ల్యాబుల్లో పంటి నుంచి డీఎన్‌ఏ తీసి అమెలోజెనిన్ జన్యువును చూస్తారు. అది పంటి పింగాణి తయారీకి పనికొచ్చే జన్యువు, ఎక్స్ మీదా వై మీదా ఉంటుంది. రెండూ కనిపిస్తే మగ, ఎక్స్ ఒక్కటే అయితే ఆడ.

ఇంతటి పరీక్షకూ ఒక మెలిక ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్ళలో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలున్నారు. 2002లో ప్రచురించిన అధ్యయనంలో 270 మంది భారతీయ పురుషులను పరీక్షిస్తే ఐదుగురిలో వై మీది ఆ ముక్క లేదు. పరీక్షను గుడ్డిగా నమ్మితే ఆ ఐదుగురూ ఆడవాళ్ళ లెక్కలో పడతారు. యంత్రం చెప్పిందని సంతకం పెట్టేవాడికీ, ఇంకో గుర్తుతో సరిచూసుకునేవాడికీ తేడా ఇదే.

అజ్నాలా బావి

ఇదంతా కలిసి పనిచేస్తే ఏమవుతుందో చూడాలంటే పంజాబ్ వెళ్ళాలి. అమృత్‌సర్ దగ్గరి అజ్నాలాలో 2014లో ఒక గురుద్వారా కింది పాత బావిని స్థానికులే తవ్వారు. పుట్టలుపుట్టలుగా మనుషుల ఎముకలు. నిపుణులు లేకుండా తవ్వడంతో విరిగి, కలిసిపోయాయి. పెద్ద సంఖ్యలో నిలిచినవి పళ్ళు.

ఎవరివి? రెండు వాదాలు. 1857లో తిరగబడిన 26వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలవని ఒకటి. అప్పటి అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ 282 మందిని బావిలో పడేయించిన సంగతి తన పుస్తకంలో తానే రాసుకున్నాడు. కాదు, 1947 విభజన అల్లర్లలో పోయినవారివని ఇంకొకటి. ఇప్పుడు ‘ఆడా, మగా’ అన్న ప్రశ్న ఎంత పదునైనదో చూడండి. అల్లర్ల బాధితులైతే అందులో ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ ఉండాలి. పలటనైతే వయసులో ఉన్న మగవాళ్ళే ఉండాలి.

పంజాబ్ విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త జె.ఎస్. సెహ్రావత్, సీసీఎంబీ, లఖ్‌నవూ బీర్బల్ సాహ్నీ సంస్థ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం కలిసి పనిచేశారు. 50 నమూనాల డీఎన్‌ఏ, 85 నమూనాల ఐసోటోపులు చూశారు. చిన్నప్పుడు తాగిన నీటి ముద్ర పంటి పింగాణిలో ఆక్సిజన్ రూపంలో ఉండిపోతుంది. ఒకసారి ఏర్పడ్డాక పింగాణి మారదు మరి. 2022లో ఫలితాలు వచ్చాయి: వీళ్ళు పంజాబువాళ్ళు కాదు, గంగా మైదానం నుంచి వచ్చినవాళ్ళు. చరిత్ర చెప్పిన సిపాయిల ఊళ్ళూ అవే.

మీరు ఎటు వెళ్ళాలి?

‘ఎముకల నిపుణుడు కావలెను’ అని నోటిఫికేషన్ వస్తుందని కూర్చోకండి. మన రాష్ట్రాల్లో ఎముకలు ముందు వెళ్ళేది మెడికల్ కాలేజీల ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగాలకే, అభిప్రాయం రాసేది డాక్టర్లే. డాక్టర్ కానివాళ్ళు ఈ నైపుణ్యాన్ని ఇంకో పెద్ద అర్హతలో భాగంగా తెచ్చుకోవాలి.

సైన్స్ డిగ్రీ ఉన్నవారికి ఎంఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉస్మానియాలో ఉంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఈ రంగానికే పుట్టింది. ఎముకల మీదే మక్కువ ఉంటే ఆంత్రోపాలజీ తీసుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో విభాగాలున్నాయి. చేరేముందు భౌతిక మానవశాస్త్రం, ఎముకల ల్యాబ్ ఎంత చెబుతారో సిలబస్‌లో చూసుకోండి, అన్నిచోట్లా ఒకేలా ఉండదు. సివిల్స్‌కు ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకునేవాళ్ళకు సగం పని అయినట్టే. బీడీఎస్ చేసినవారికి ఫోరెన్సిక్ ఒడాంటాలజీ ఉంది. విపత్తుల్లో మృతులను గుర్తించడానికి వేలిముద్రలు, డీఎన్‌ఏతోపాటు పళ్ళనే ఇంటర్‌పోల్ ప్రధాన ఆధారంగా లెక్కిస్తుంది.

ఇక ఉద్యోగాలు. తెలంగాణలో ఫోరెన్సిక్ ల్యాబ్ పోస్టులను పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. కేంద్ర ల్యాబులు, ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా నోటిఫికేషన్లు విడిగా చూడాలి. ఫోరెన్సిక్ సైన్స్, ఆంత్రోపాలజీ రెండింటిలోనూ యూజీసీ నెట్ ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్ళాలి. రాష్ట్రాలు దీన్ని అమలుచేయడానికి ఐదేళ్ళ గడువుంది. ఆ మేరకు మనుషులు కావాలి. అయితే ప్రతి పోస్టూ ఎముకలదే అనుకోవద్దు. రక్తం, రసాయనాలు, సెల్‌ఫోన్లు ఎక్కువ ఉంటాయి.

ఇంటర్వ్యూలోనూ, రేపు కోర్టు బోనులోనూ మిమ్మల్ని అడిగేది ఒకటే: ‘ఎలా చెప్పారు?’ కాబట్టి ప్రతి గుర్తునూ విడిగా రాసే అలవాటు ఈ సెమిస్టర్ నుంచే చేసుకోండి. చూసింది ఒక వరుసలో, దాన్నిబట్టి అనుకున్నది ఇంకో వరుసలో.

పళ్ళతో మొదలుపెట్టడం తేలిక. డెంటల్ కాలేజీ స్నేహితుల దగ్గర ప్లాస్టర్ నమూనాలు ఉంటాయి, అడిగి తెచ్చుకోండి. 32 పళ్ళనూ కలిపేసి, ఒక్కోటి తీసి, పుస్తకం చూడకుండా నంబరు రాయండి. కింది కుంతకాల దగ్గర కుడా ఎడమా తేల్చలేక అందరూ తడబడతారు. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి తర్వాతి పన్ను తీసుకోండి.